సీలు వేసిన సంచి

"కుటుంబమంటే కోట! ఆ కోటకు బురుజులు మూడు! ఒకటి అనుబంధం, రెండు ఆదాయం, మూడు ఆపత్సన్నద్ధత! వీటిలో ఏ ఒక్కటి బీటలు వారినా మిగిలిన రెండూ వచ్చి మన నెత్తినే పడతాయి! భద్రం!"

సామాజిక విద్యాకేంద్రంలో కొత్త బ్యాచి మొదలైన ప్రతిసారీ మాస్టారు ఈ మాటలు చెప్పి, అరచేత్తో బల్ల మీద ఒక్క చరుపు చరుస్తారు. ఆ చప్పుడికి ముందు వరుసలో నిద్రపోతున్నవాళ్ళు లేస్తారు. వెనక వరుసలో మేలుకుని ఉన్నవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. మాట మాటకీ "భద్రం" అనడంవల్ల ఆయనకు భద్రం మాస్టారని పేరు పడింది. అసలు పేరు జీతం కాగితం మీద ఉందంటారు గానీ, ఆ కాగితాన్ని కూడా ఆయన ఎక్కడో భద్రంగా దాచి మరిచిపోయారు.

పన్నెండు వారాల చదువది. నాలుగు వారాలు కలహాలు లేకుండా కాపురం చేయడం. నాలుగు వారాలు పొదుపు, మదుపు, అదుపు. చివరి నాలుగు వారాలు అగ్గి, గాలి, వరద వగైరా వస్తే ఏం చేయాలో. పాసైన ప్రతి కుటుంబానికీ ఒక ధ్రువపత్రం, ఒక ఆపద సంచి. సంచిలో టార్చీ, స్క్రూడ్రైవరు, దూది, ఈల, రెండు బిస్కట్ పొట్లాలు. అలా నూట పన్నెండు కుటుంబాలను ఆయన సుస్థిరం చేసి వదిలారు. ఆ నూట పన్నెండు సంచులనూ కుట్టింది ఆయన భార్యే. ఇంటి ముందు గదిలో మిషను మీద, ఆయన ఉపన్యాసం రిహార్సలుకు తొక్కుడుతో తాళం వేస్తూ కుట్టింది.

ఆ భార్య ఆయనతో మాట్లాడి పంతొమ్మిది రోజులైంది.

మాట్లాడలేదంటే మాటలు లేవని కాదు. ఉన్నాయి. కాకపోతే అన్నీ అత్తగారి మీదుగా చుట్టు తిరిగి వస్తున్నాయి.

"అత్తయ్యా, మీ అబ్బాయిగారితో చెప్పండి, ఉప్పుడబ్బా ఆయన మోచేతి పక్కనే ఉంది. కేకలెందుకు?"

"ఒరే, ఉప్పు నీ మోచేతి దగ్గరే ఏడ్చిందట. చూసుకో" అనేది పెద్దావిడ. ఆవిడ తపాలా శాఖలాంటిది కాదు. ఉత్తరం అందించే ముందు విప్పి, చదివి, నాలుగు మాటలు తనవి కలిపి మరీ అందిస్తుంది.

దీనంతటికీ మూలం స్నానాల గది గడియ. అది వంగిపోయి ఆరు నెలలైంది. లోపలికి వెళ్ళి వేసుకుంటే పడుతుంది, తీద్దామంటే రాదు. "రేపు బాగుచేస్తా, భద్రం!" అని మాస్టారు ఆరు నెలలుగా అంటూనే ఉన్నారు. రేపటికి భద్రం కానీ గడియకు భద్రం లేక, పంతొమ్మిది రోజుల క్రితం ఆవిడ లోపల ఇరుక్కుపోయింది. పెద్దావిడ ఆ పూట పక్కింట్లో ఉంది.

"ఏవండీ! గడియ పట్టేసింది! తలుపు కింద సందులోంచి స్క్రూడ్రైవరు తొయ్యండి!"

"కంగారు పడకు! మొదటి సూత్రం, ప్రశాంతత! రెండో సూత్రం..."

"సూత్రాలు తర్వాత! స్క్రూడ్రైవరు!"

ఇంట్లో ఉన్న ఒక్క స్క్రూడ్రైవరూ ఆపద సంచిలో ఉంది. అది మామూలు సంచి కాదు, నమూనా సంచి. ఆవిడ మొదట కుట్టినదాన్ని, తక్కిన అన్నిటిలాగే, కేంద్ర కార్యాలయంవారు నింపి, తాడు కట్టి, ముడి మీద ఎర్రలక్కతో సీలు వేసి పంపింది. ముందు గదిలో మేకుకు వేలాడుతోంది. దాని మీద చీటీ: "ఆపదవేళ తప్ప తెరవరాదు. తెరవదలచినవారు పై అధికారుల అనుమతి ముందుగా లిఖితపూర్వకంగా పొందవలెను."

మాస్టారు చీటీ చదివారు. మరోసారి చదివారు. ఆయన దృష్టిలో సీలు పోతే శీలం పోయినట్టే. కాగితం తీసి, "విషయం: స్నానాల గదిలో భార్య ఉండుట గురించి" అని అర్జీ రాసి, ఆఫీసుకు నడిచి వెళ్ళి ఇచ్చి, రసీదు పుచ్చుకుని ఇంటికొచ్చారు. గడియ పడి అప్పటికి సరిగ్గా అయిదు గడియలైంది. అంటే రెండు గంటలు!

వచ్చేసరికి ఆవిడ మిషను ముందు కూర్చుని దారం ఎక్కిస్తోంది. తలపిన్నుతో నాలుగు మరలూ ఊడదీసుకుని తనంత తనే బయటికొచ్చి, తర్వాత మరలు మళ్ళీ ఉన్నచోటే బిగించింది. బిగించింది కోపంతో అనుకోండి.

"అర్జీ నమోదైంది!" అన్నారు మాస్టారు గర్వంగా, రసీదు చూపిస్తూ.

ఆవిడ ఆ రసీదు వంక చూసింది. ఆయన వంక చూసింది. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన పెద్దావిడ వైపు తిరిగింది.

"అత్తయ్యా, మీ అబ్బాయిగారితో చెప్పండి..."

అదిగో, ఆ రోజునుంచీ అదే బాట.

*

ఇంతలో పులి మీద పుట్రలా కేంద్ర కార్యాలయం నుంచి ఒక సర్క్యులరు దిగింది. "ఇంట గెలిచి రచ్చ గెలవవలెనను సూక్తిని పురస్కరించుకుని, శిక్షకుల గృహములను తనిఖీ చేయ నిశ్చయించడమైనది. తప్పిన శిక్షకుల ఒప్పందము పొడిగింపబడదు." తనిఖీ గురువారం. ప్రశ్నలు నలభై రెండు.

మాస్టారు రెండు రోజులు కాలు నిలవకుండా పనిచేశారు. ఖర్చు, పొదుపు, ఆపద అని మూడు డబ్బాలకు చీటీలు అంటించారు. మొదటిదాంట్లో గుండీలు, రెండోదాంట్లో సూదులు ఉన్నాయి. మూడోదాని మూత రాలేదు. నలభై రెండు ప్రశ్నల్లో గడియ ఊసు లేదు కాబట్టి దాని జోలికి వెళ్ళలేదు. కానీ నలభై రెండో ప్రశ్న దగ్గర ఆయనకు చెమటలు పట్టాయి. "భార్యాభర్తలు దినమునకు పదిహేను నిమిషములు తక్కువ కాకుండా సంభాషించుకొందురా?"

"అమ్మా, నువ్వే చెప్పాలి దానికి. ఉద్యోగం పోతుంది!"

"అమ్మాయ్, వీడి ఉద్యోగం పోతే పగలంతా ఇంట్లోనే ఉంటాడు. ఆలోచించుకో" అంది పెద్దావిడ.

మిషను ఆగింది. ఆ ముప్పు ఆవిడకు కళ్ళకు కట్టినట్టుంది.

"వచ్చినాయన ముందు పరువు తియ్యనని చెప్పండి అత్తయ్యా. అబద్ధం మాత్రం నా నోట రాదు."

*

గురువారం పొద్దున్నే తనిఖీ అధికారి వచ్చాడు. చేతిలో తోలుసంచి, ముఖాన గాంభీర్యం, చొక్కా మీద ఇస్త్రీ ఎరగని ముడతలు. మాస్టారు టీ ఇచ్చారు. అధికారి తాగాడు. ఇంకో కప్పు ఇచ్చారు. అదీ తాగాడు. బిస్కట్లు పెడితే మాత్రం పామును చూసినట్టు చూసి పళ్ళెం దూరంగా జరిపాడు.

ప్రశ్నలు జోరుగా సాగాయి. డబ్బాలు చూశాడు, చీటీలు చదివి మురిసిపోయాడు. మూతలు తీయలేదు. గోడకు వేలాడుతున్న నమూనా సంచి దగ్గర ఆగి, సీలును వేలితో తడిమి, "చెక్కుచెదరలేదు! శభాష్!" అన్నాడు. చివరికి నలభై రెండో ప్రశ్న ఆవిడను అడిగాడు.

మాస్టారు తల్లి వైపు చూశారు.

"అత్తయ్యా, ఆఫీసరుగారితో చెప్పండి. ఆయన మాట్లాడతారు, నేను వింటాను. పదిహేను నిమిషాలేం ఖర్మ, పొద్దస్తమానం!"

"ఆదర్శ గృహం!" అని అధికారి టిక్కు పెట్టాడు. పెట్టి, కాగితాలు బల్ల మీద ఉంచి, లేచి, కాస్త సిగ్గుపడుతూ స్నానాల గది వైపు నడిచాడు. ఎంతైనా రెండు కప్పుల టీ!

"సార్! సార్! అది... అది ప్రశ్నల్లో లేదు!" అని మాస్టారు అడ్డం పరుగెత్తారు.

"ఇది ప్రశ్న కాదండీ, అవసరం" అని అధికారి లోపలికెళ్ళాడు. టక్కుమంది గడియ.

ముందు గదిలో ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. కాసేపటికి లోపల గడియ కదిలిన చప్పుడు. మళ్ళీ చప్పుడు. తర్వాత భుజంతో గుద్దిన చప్పుడు.

"మాస్టారూ! ఇది రావడం లేదేమిటి!"

"కంగారు పడకండి సార్! మొదటి సూత్రం..."

"సూత్రం రాసింది నేనేనయ్యా! తలుపు తియ్యి! నాకు ఇరుకంటే భయం! గాలాడటం లేదు! రక్షించండి!"

మాస్టారు ఒక్క ఉరుకున ముందు గదిలోకి వచ్చారు. మేకు మీది సంచిని లాగారు. చీటీ చదవలేదు. అర్జీ రాయలేదు. కాగితమే వెతకలేదు. ఎర్రలక్క సీలును పళ్ళతో పటుక్కున కొరికి, తుపుక్కున ఊశారు. మొత్తం పని అరనిమిషం కూడా పట్టలేదు.

"ఓహో!" అంది ఆవిడ.

అత్తగారితో కాదు. నేరుగా ఆయనతోనే. ఇన్ని రోజుల తర్వాత మొదటి మాట.

"సీలు తెగుతుందన్నమాట! ఏవండీ, నేను లోపలుంటే అయిదు గడియలూ, ఆయనుంటే అరనిమిషమూనా? నాది ఆపద కాదా? నేనేమన్నా లోపల విహారానికి వెళ్ళానా?"

మాస్టారి నోట్లో ఊయగా మిగిలిన లక్క ముక్క ఇంకా ఉంది. దాన్ని మింగాలో, జవాబు చెప్పాలో తెలియక, చేసేది లేక సంచి బోర్లించారు. అందులోంచి నాలుగు పాత పత్రికలు పడ్డాయి. వాటి వెనక, సంచిలో ఉన్న వస్తువుల జాబితా, ముద్రతో సహా, వయ్యారంగా తేలుతూ దిగింది. అంతే. దూది లేదు, ఈల లేదు.

"సార్! స్క్రూడ్రైవరు లేదు! టార్చీ లేదు! బిస్కట్లూ లేవు!"

లోపల గుద్దుడు ఆగిపోయింది.

"టార్చీ నా దగ్గరుంది" అంది తలుపు, నీరసంగా.

"మీ దగ్గరా?"

"మా ఆవిడ నన్ను ఇంట్లోంచి పంపేసి మూడు నెలలైందయ్యా. సంచులు నింపే స్టోరు గదిలోనే ఉంటున్నాను. అక్కడ దీపం లేదు. గడియ కూడా సరిగా లేదు, అందుకు స్క్రూడ్రైవరు. దోమల మోత చెవిన పడకుండా దూది. బిస్కట్లు... ఆకలేస్తుంది కదా."

"ఈల?" అంది పెద్దావిడ.

"ఊరికే. తోచక."

"అయితే ఆ నూట పన్నెండు కుటుంబాల సంచులు?" మాస్టారు తలుపుకు చెవి ఆనించారు.

"అవీ అంతే. అయినా ఎవరూ తెరవలేదుగా! ఒక్క ఫిర్యాదూ రాలేదు! అనుమతి తీసుకోవాలని చీటీ పెట్టింది ఎందుకనుకున్నావు?"

భద్రం మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన నిర్మించిన నూట పన్నెండు కోటల్లోనూ మూడో బురుజు పాత పత్రికలతో కట్టిందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆవిడ కిందకు వంగి ఖాళీ సంచి తీసి, కుట్లు సరిచూసుకుంది. కుట్లు మాత్రం గట్టిగా ఉన్నాయి. తలలోంచి పిన్ను తీసి, తలుపు కింద సందులోంచి సగం తోసి, రెండో కొస తన వేళ్ళతోనే పట్టుకుంది.

"బాబాయిగారూ, పిన్ను కనిపిస్తోందా?"

"కనిపిస్తోందమ్మా! వదులమ్మా!"

"వదుల్తాను. మీ ఇంటి ఫోన్ నంబరు నోటికొచ్చా? మీ నలభై రెండిట్లో ఏడో ప్రశ్న."

"...రాదమ్మా."

"రెండు రోజుల్లో నూట పన్నెండు సంచులూ నింపాలి. మీ జేబులోంచి. తర్వాత ఇంటికెళ్ళి పిన్నిగారి కాళ్ళు పట్టుకుంటారో, గడ్డం పట్టుకుంటారో మీ ఇష్టం. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటానమ్మా! ముద్ర వేసి ఇస్తాను!"

"ముద్ర వద్దు. మాట చాలు." పిన్ను వదిలింది. "పైన కుడిపక్క మర. పిన్ను కొస గాట్లో పెట్టి ఎడమకు తిప్పండి. కుడికి కాదు బాబాయ్, ఎడమకు! అన్నం తినే చెయ్యి కానిది!"

పావుగంటలో గడియ ఊడి కింద పడింది. అధికారి బయటికొచ్చి, తుడుచుకోవడానికి ఏమీ లేక చొక్కా కొసతో ముఖం తుడుచుకున్నాడు. పెద్దావిడ ఆయనకు కడుపునిండా భోజనం పెట్టింది. తిన్నంతసేపూ ఆయన తలెత్తలేదు. వెళ్ళేముందు మాస్టారి ఒప్పందం పొడిగింపు కాగితం మీద సంతకం చేశాడు.

సాయంత్రం మాస్టారు బజారుకెళ్ళి కొత్త గడియ తెచ్చి, స్వహస్తాలతో బిగించారు. కాస్త వంకరగా వచ్చింది గానీ తీస్తే వచ్చింది. ఆ తర్వాత రోజూ ఆవిడ ఆయనతో నేరుగా మాట్లాడింది. "ఇంక నా ఉద్యోగం పోయినట్టే" అని పెద్దావిడ నిట్టూర్చింది.

*

అధికారి మాట నిలబెట్టుకున్నాడు. సంచులన్నీ నింపాడు. ఇల్లు కూడా చేరాడట. ఎటొచ్చీ గుణం మారలేదు. తలపిన్ను మహిమను వర్ణిస్తూ పై అధికారులకు పదకొండు పేజీల నివేదిక పంపాడు. నెల తిరక్కుండా భద్రం మాస్టారింటికి ఒక పొట్లం వచ్చింది. లోపల, జాబితా ప్రకారం, సంచికొకటి చొప్పున నూట పదమూడు తలపిన్నులు. తాడు మీద ఎర్రలక్క సీలు. దాని మీద చీటీ: "ఆపదవేళ తప్ప తెరవరాదు. తెరవదలచినవారు అనుమతి ముందుగా పొందవలెను."

మాస్టారు పొట్లాన్ని చేతిలో పట్టుకుని చీటీ చదివారు. మిషను వైపు ఓరగా చూశారు. ఆవిడ తల వంచుకుని కుడుతోంది. చూడటం లేదులే అనుకున్నారు. మునివేళ్ళ మీద నడిచి, ఒప్పందం కాగితం ఉన్న బీరువాలోనే, ఆ కాగితం పక్కనే, పొట్లాన్ని సీలు చెదరకుండా పెట్టి, తలుపు మూసి, "భద్రం!" అని గొణుక్కుని స్నానానికి వెళ్ళారు.

స్నానం చేసి వచ్చేసరికి బీరువాకు తాళం వేసి ఉంది. ఒప్పందం కాగితం ఆఫీసులో ఇవ్వడానికి ఆ రోజు పన్నెండు గంటలే ఆఖరు గడువు. తాళంచెవి మేకుకు లేదు. గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"ఇదిగో, బీరువా తాళంచెవి చూశావా?"

మిషను ఆగింది. దారం తెగిన చప్పుడు.

"అత్తయ్యా," అంది ఆవిడ, తల ఎత్తకుండానే. "మీ అబ్బాయిగారితో చెప్పండి. తాళంచెవి నా మిషను సొరుగులో భద్రంగా ఉంది. తీసుకోదలచినవారు అనుమతి ముందుగా లిఖితపూర్వకంగా పొందవలెను."