కూమ్ పెట్టిన సంతకం

ఆ మంగళవారం స్తామెన్కా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆసుపత్రికి వెళ్ళడం, కుడికంట్లో శుక్లం తీయించుకోవడం, భోజనాల వేళకు ఇంటికి రావడం. ఈస్టర్ దగ్గరపడింది. పండక్కి ఎర్రరంగు వేసే కోడిగుడ్లలో మొదటిదాన్ని, ఇంటికి కాపలాగా ఏడాదంతా దాచుకునే ఎర్రగుడ్డును, నిరుడు ఆవిడ చూపానక వంకాయరంగులో ముంచింది. కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. "ఎంత ఎర్రగా నిగనిగలాడుతోందో!" అని ఒట్టేసి చెప్పినవాడు కూమ్ మిలున్ ఒక్కడే. వెక్కిరించాడని ఆవిడకు ఇప్పటికీ కడుపుమంట. ఈసారి ఎరుపేదో తన కంటితోనే చూసుకోవాలి. ఇవాళ తప్పిందా, మళ్ళీ వంతు వచ్చేసరికి ఇంకో ఈస్టర్ కూడా దాటిపోతుంది.

పెళ్ళిలో సాక్షి సంతకం పెట్టినవాడే కూమ్. మా సెర్బుల ఇళ్ళలో అతను చుట్టం కన్నా ఎక్కువ, అతని పట్టుదల అంతకన్నా ఎక్కువ. మిలునే తన పాత కారులో దంపతులిద్దర్నీ బయల్దేరదీశాడు. కారు గేటు స్తంభాన్ని బర్రున గీసుకుంటూ పోయింది.

"ఈ స్తంభాన్ని ఎవడో ముందుకు జరిపాడ్రా ఓబ్రెన్" అన్నాడు మిలున్.

స్తామెన్కాకు స్తంభం కనబడదు. ఆమె భర్త ఓబ్రెన్ మిలున్ కారెక్కితే కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంటాడు. చివరికి కారు ఆసుపత్రి పూలమొక్కల మధ్య ఆగింది.

ఆసుపత్రిలో ఆ వారమే కాగితాలు పోయి ఎలక్ట్రానిక్ పలకలు వచ్చాయి. "ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు దీనిమీద సంతకం పెట్టి, గుర్తింపు కార్డు ఆనించండి" అని నర్సు వెరిత్సా పలక చేతికిచ్చి, మోగుతున్న ఫోను అందుకోవడానికి అటు తిరిగింది. అంతే, కొంప మునిగింది.

"ఇలా ఇవ్వమ్మా స్తామెన్కా" అన్నాడు మిలున్. "మీ పెళ్ళినాడు సంతకం పెట్టిందెవరు? నేను. కార్డు చూపించిందెవరు? నేను. కూమ్ లేకుండా సంతకమేమిటి, నాన్సెన్స్!"

బారెడు సంతకం గీకి, తన కార్డు ఆనించాడు. "మిలున్ గారూ, మీ అంగీకారం నమోదైంది" అంది పలక.

"చూశావా, పేరు పెట్టి పిలుస్తోంది! మర్యాద తెలిసిన యంత్రం" అని మురిసిపోయాడు.

వెరిత్సా తిరిగొచ్చి నెత్తి కొట్టుకుంది. స్తామెన్కా వంతులో మిలున్ పేరు ఎక్కి కూర్చుంది. "అయ్యో తాతగారూ! ఇది రద్దవ్వాలంటే మళ్ళీ మీరే సంతకం పెట్టాలి, 'వెనక్కి తీసుకుంటున్నాను' అని."

మిలున్ ముఖం జేవురించింది. "కూమ్ సంతకం వెనక్కి తీసుకోవడమా? ఏం, వీళ్ళ పెళ్ళి కూడా రద్దు చెయ్యమంటావా?"

"దానికీ పలకుందా?" అన్నాడు ఓబ్రెన్ ఆశగా.

"నువ్వు నోర్ముయ్!" అంది స్తామెన్కా. తర్వాత మిలున్ చెయ్యి పట్టుకుంది. "కూమా, నీకు దణ్ణం పెడతాను. నా కంటికన్నా నీ సంతకం ఎక్కువా?" ఆవిడ నిజంగానే ఏడుస్తోంది.

మిలున్‌కూ ఏడుపొచ్చింది గానీ, పట్టు మాత్రం వదల్లేదు. ఈలోగా ఇద్దరు వార్డుబాయ్‌లు చక్రాల కుర్చీతో వచ్చారు. "మిలున్ ఎవరు?" అన్నారు. "నేనే!" అన్నాడు గర్వంగా. కూర్చోబెట్టారు. "నేను సాక్షినిరా బాబూ!" అని అరుస్తుంటే, "అందరూ భయపడతారు తాతా, ఏం కాదు" అని సముదాయిస్తూ కళ్ళలో చుక్కలు వేసేశారు. వెనకాల వెరిత్సా, ఆమె వెనక స్తామెన్కా, ఆమె కొంగు పట్టుకున్నట్టు ఓబ్రెన్, అందరూ పరుగే.

లోపల డాక్టర్ రుజిత్సా అప్పటికే మిలున్ కళ్ళలోకి లైటు వేసి చూస్తోంది.

"డాక్టరమ్మా, పేషెంటు ఆయన కాదు!" అని రొప్పింది వెరిత్సా.

"ఎవరన్నారు?" అంది డాక్టరు. "రెండు కళ్ళలోనూ శుక్లం ముదిరిపోయింది. ఈయనకు మనుషులు కనబడటమే గొప్ప. ఇక్కడికి ఎలా వచ్చారు మీరు?"



"కారులో" అంది స్తామెన్కా. "ఆయనే నడిపాడు."

ఓబ్రెన్ కుర్చీ కోసం తడుముకున్నాడు. స్తామెన్కాకు నిరుటి గుడ్డు గుర్తొచ్చింది. "అయితే కూమా, నిజంగానే ఎర్రగా కనబడిందా నీకు?"

"మరి ఎర్రగుడ్డు ఎర్రగా కాక ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు మిలున్ అమాయకంగా.

ఏడాది కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. డాక్టరు గడియారం చూసుకుంది. "ఇవాళ ఒక పేషెంటు రాలేదు. ఆమెకొక కన్ను, మీకొక కన్ను చేసేస్తాను. ఆమె కొత్తగా సంతకం పెట్టాలి. మీది ఎలాగూ నమోదైపోయింది."

మిలున్ కుర్చీలోంచి సగం లేచాడు. "రద్దు! ఏదమ్మా ఆ పలక? వెనక్కి తీసుకుంటున్నాను!"

స్తామెన్కా పలకను గుండెలకు అదుముకుంది. "కూమ్ సంతకం వెనక్కి తీసుకోవడమా?"

సాయంత్రం చెరో కంటికి కట్టుతో ఇద్దరూ, రెండు కళ్ళూ తెరుచుకుని ఓబ్రెనూ, బస్సులో ఇంటికి చేరారు. కారు మాత్రం పూలమొక్కల మధ్యే ఉండిపోయింది.