మొదటి మూడూ వదిలేయండి

పదకొండు నెలల తర్వాత దొరికిన నాలుగు రోజుల సెలవు అది. మొదటి రోజు పొద్దున్నే లిఫ్టుల కంపెనీ సూపర్‌వైజరు పెట్టుకున్న పని ఒక్కటే, సోఫాలో కూర్చోవడం. ఫోను మోగగానే లేచి పరిగెత్తే కూర్చోవడం కాదు. నడుం వాల్చి, కాళ్లు చాపి, ఇక లేవనన్నట్టు కూర్చోవడం. పక్కన భార్య ఉంటుంది. ఎదురుగా టీవీలో ఆ పోలీసు సీరియల్ ఉంటుంది.

ఆ సీరియల్ ఇరవై రెండేళ్లుగా వస్తోంది. సీజన్లూ ఇరవై రెండే. అతనికి తెలిసినవాళ్లంతా చూసేశారు. ఆఫీసులో టీ తాగేటప్పుడు అందులోని ఇన్‌స్పెక్టరమ్మ గురించి అందరూ సొంత మేనత్త గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటుంటే, తను కప్పులోకి చూస్తూ కూర్చోవడం అతనికి ఏళ్ల తరబడి అలవాటైపోయింది. హైస్కూల్లో లెక్కల టీచరైన భార్యదీ అదే అవస్థ. ఇద్దరూ కలిసే చూడాలని, అప్పటిదాకా ఎవరూ ఒంటరిగా ఒక్క ముక్క కూడా చూడకూడదని పెళ్లైన తొమ్మిదో ఏట ఒప్పందం చేసుకున్నారు. ఇప్పుడు పదహారో ఏడు నడుస్తోంది. ఇద్దరికీ ఒకేసారి నాలుగు రోజులు ఖాళీ దొరకడం ఇదే మొదలు.

ఇక తేలాల్సిందల్లా ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నదే.

"మొదటి నుంచి," అంది టీచరు, ఒళ్లో ఉన్న పరీక్ష పేపర్ల కట్టలోంచి తల ఎత్తకుండా. "ఇందులో ఆలోచించడానికేముంది? ఒకటి తర్వాతే రెండు వస్తుంది."

"మీ తమ్ముడు అలా అనడం లేదు."

మందుల షాపు నడిపే బావమరిది ఆ సీరియల్‌ను మూడుసార్లు చూసినవాడు. ఎక్కడి నుంచి చూడాలని అడిగిన పాపానికి తొమ్మిది నిమిషాల మాటలు రికార్డు చేసి పంపాడు. వాటి సారాంశం ఏమిటంటే, మొదటి మూడు సీజన్లలో ఇన్‌స్పెక్టరు వేరే మనిషి. ఉత్త నసగాడు. ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడ్డవాణ్ణి కూడా ఆరు ఎపిసోడ్లయితే గానీ అనుమానించడు. అసలైన ఇన్‌స్పెక్టరమ్మ నాలుగో సీజన్‌లో గానీ రాదు. కాబట్టి బావ ఆ మూడూ వదిలేయాలి. తను కూడా ఈ రోజు షాపులో పనివాళ్లతో కలిసి కూర్చుని నాలుగు నుంచి మళ్లీ చూస్తాడట.

"మొత్తం చూడాలంటే నిద్ర మానేసినా పద్నాలుగు రోజులు పడుతుంది," అంది టీచరు పేపరు అంచు మీద లెక్కవేసి. "ఆ మూడూ తీసేస్తే పన్నెండు. మనకున్నవి నాలుగు. ఎలాగూ పూర్తికానప్పుడు సవ్యంగానైనా మొదలుపెడదాం."

ఈ వాదన గంటసేపు సాగింది. టీవీ తెర మీద సీజన్ల జాబితా అలా నిలబడే ఉంది. చివరికి సూపర్‌వైజరు ఓపిక అయిపోయింది.

"పోనీలే, వాడు అంతగా చెప్తున్నాడు కదా. నాలుగు నుంచే కానిద్దాం."

"మీ ఇష్టం," అంది టీచరు.

పదహారేళ్ల కాపురంలో ఆ మాటకు అర్థం అతనికి బాగానే తెలుసు. కానీ తెలిసినట్టు కనబడాలంటే వాదన మళ్లీ మొదలుపెట్టాలి. అంతలో ఫోను టింగుమంది. కళ్లజోడు పక్కగదిలో ఉంది. ఫోను చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని చూస్తే ఒకే ఒక ముక్క కనబడింది. "ఎక్కడి నుంచి మొదలుపెడదాం?"

చివరికి ఏం తేల్చారని బావమరిది తొందరపెడుతున్నాడనుకుని, మళ్లీ ఇంకో తొమ్మిది నిమిషాలు వినాల్సి రాకుండా, గట్టిగానే రాసి పంపాడు. "మొదటి మూడూ వదిలేయండి. నాలుగు నుంచి మొదలుపెట్టండి. ఎవరేమన్నా మధ్యలో ఆపొద్దు."

కానీ ఆ ప్రశ్న అడిగింది బావమరిది కాదు. పెద్ద మెకానిక్కు.

ఆ మెకానిక్కును కంపెనీలో అందరూ 'సరేసార్' అంటారు. ఏ పనికైనా ముందు ఒకసారి అడుగుతాడు. చెప్పాక ఇక నోరెత్తడు. ఎనిమిది బ్లాకులున్న ఒక పాత అపార్టుమెంటు సముదాయంలో, బ్లాకుకు ఒకటి చొప్పున ఉన్న లిఫ్టులన్నిటినీ విప్పి, ఏడాదికోసారి చేసే పెద్ద మరమ్మతు ఆ రోజే మొదలవ్వాలి. ఒకటో బ్లాకు నుంచి మొదలవుతుందని, ఆ రోజంతా అక్కడ లిఫ్టు పనిచేయదని సూపర్‌వైజరే రెండు రోజుల ముందు సంతకం పెట్టి నోటీసు అంటించి వచ్చాడు. అయినా అలవాటు కొద్దీ సరేసార్ ఒకమాట అడిగాడు. నిచ్చెన మీద నిలబడి ఒంటిచేత్తో రాయడం వల్ల ఎప్పుడూ లేంది 'సార్' అనే మాట వదిలేశాడు. జవాబు చూశాడు. సామాను సర్దుకుని, మనుషుల్ని వెంటబెట్టుకుని నాలుగో బ్లాకుకు వెళ్లిపోయాడు.

టీచరు ఇంకా పేపర్లు దిద్దుతూనే ఉంది. పదిన్నరకు సూపర్‌వైజరు ఫోను మోగింది. కళ్లజోడు ఇంకా పక్కగదిలోనే ఉంది.

"నాలుగు మొదలుపెట్టేశాం," అంది అవతలి గొంతు. వెనక ఒకటే గరగర. సరేసార్ ప్రతి మాట చివరా సార్ అంటూనే ఉన్నాడు గానీ, పైనున్న మోటారు గది రొదలో ఆ సార్‌లన్నీ కొట్టుకుపోయాయి.

"మంచి పని చేశావు. ఎలా ఉంది?"

"విప్పి చూస్తే లోపల బాగా పాడై ఉంది."

బావమరిది సీరియల్‌ను విమర్శించడం వింతగా తోచింది కానీ, సూపర్‌వైజరు ధైర్యం చెప్పాడు. "మొదట్లో అలాగే ఉంటుందిలే. పోనుపోను బాగుపడుతుంది. ఆపకు."

"సరే. ఇంకో సంగతి. ఏడో అంతస్తు జడ్జిగారు చాలా కోపంగా ఉన్నారు. అందర్నీ లోపలేయిస్తానంటున్నారు."

"ఎవరు ఎవర్ని లోపలేయిస్తారో ముందే చెప్పేయకయ్యా. ఇక చూడ్డానికి ఏం మిగులుతుంది?"

అవతల గరగర ఇంకా పెరిగింది. "మీరొచ్చి చూస్తారా?"

"చూస్తాను. మీ అక్క పేపర్లు దిద్దడం అవగానే."

సరేసార్‌కు అక్క లేదు. అయినా సరే అని పెట్టేశాడు.

మరో పావుగంటకు ఫోను మళ్లీ మోగింది. ఈసారి రొద లేదు. ప్రతి అక్షరం విడివిడిగా వినబడింది.

"నేను రిటైర్డు జడ్జిని. ఈ అపార్టుమెంట్ల సంఘానికి అధ్యక్షుణ్ణి. నాలుగో బ్లాకు ఏడో అంతస్తులో ఉంటాను. పదకొండింటికి నా మోకాలు డాక్టరుకు చూపించాలి. మీరు నోటీసు అంటించింది ఒకటో బ్లాకులో. లిఫ్టు విప్పింది నాలుగో బ్లాకులో. మీ మెకానిక్కును అడిగితే మీ ఆజ్ఞ అని ఫోనులో చూపించాడు. ఎవరేమన్నా ఆపొద్దన్నారట. ఆ ఎవరేమన్నాలో నేను కూడా ఉన్నానా అని అడుగుదామని చేశాను."

సూపర్‌వైజరు లేచి నిలబడ్డాడు. పక్కగదిలోకి వెళ్లి కళ్లజోడు పెట్టుకుని, తను పంపిన ముక్క ఎక్కడికి పోయిందో చూసుకున్నాడు. తర్వాత చొక్కా వేసుకున్నాడు.

"ఏమైంది?" అంది టీచరు.

సంగతి చెప్పాడు. ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టి అతని ముఖంలోకి చూసింది. మొదటి నుంచీ చూద్దామని తను అనలేదా అని అడగలేదు. "వెళ్లిరండి. మీరొచ్చేదాకా మొదలుపెట్టను," అంది. దెప్పి ఉంటేనే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

అక్కడికి చేరేసరికి ఒకటో బ్లాకులో జనం నోటీసును నమ్మి మెట్లెక్కుతున్నారు. కింద లిఫ్టు లైటు వెలుగుతూ ఖాళీగా నిలబడి ఉంది. చెమటలు కక్కుతూ రెండు సంచులతో మెట్ల దగ్గర ఆగిన ఒకాయనతో సూపర్‌వైజరు మెల్లగా అన్నాడు. "లిఫ్టు పనిచేస్తోందండీ."

ఆయన నోటీసు వంక చూపించాడు. "పనిచేయదని ఇక్కడెవరో పెద్దమనిషి సంతకం పెట్టాడు. మిమ్మల్ని నమ్మాలా, ఆయన్నా?"

సంతకం పెట్టిన ఆ పెద్దమనిషే నోటీసు చింపి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగో బ్లాకు మెట్లు ఎక్కుతుంటే మూడో అంతస్తు మలుపులో ఒక వాషింగ్ మెషీన్ అడ్డంగా ఉంది. దాన్ని మోసుకొచ్చిన ఇద్దరూ దానిమీదే కూర్చుని ఉన్నారు. అది చేరాల్సింది ఆరో అంతస్తుకు. పైకి పోలేరు, కిందికి తీసుకెళ్లే ఓపికా లేదు. ఆ సందులోంచి పక్కకు తిరిగి, కడుపు లోపలికి లాక్కుని దాటాడు. ఐదో అంతస్తులో ఒకావిడ తలుపు తీసి, "లిఫ్టు ఎప్పుడు బాగవుతుంది?" అంది. పాడవ్వలేదని చెప్పబోయి, అది ఇంకా అధ్వాన్నమని మానుకున్నాడు.

ఏడో అంతస్తులో తలుపు తెరిచే ఉంది. జడ్జిగారు మోకాలి కింద దిండు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"కూర్చోండి. మీరు చెప్పుకోవలసిందేమైనా ఉందా?"

అబద్ధం ఆడాలంటే ఏడంతస్తులు ఎక్కిన మనిషికి ఊపిరి చాలదు. సూపర్‌వైజరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సెలవు, భార్య, బావమరిది, కళ్లజోడు, అన్నీ. జడ్జిగారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక మోకాలి కింద దిండు సర్దుకున్నారు.

"ఏ సీరియల్?"

పేరు చెప్పాడు.

"మొదటి మూడు సీజన్లు వదిలేసి చూస్తారా?" ఆయన గొంతులో అంతవరకూ లేని బాధ వినబడింది. "రెండో సీజన్‌లో ఆ పనిమనిషి సాక్ష్యం వినకుండా, నాలుగో సీజన్‌లో ఆ కుటుంబం ఎందుకు విడిపోయిందో మీకెలా అర్థమవుతుంది?"

"మా బావమరిది చెప్పాడండీ."

"ఆయన ఏం చేస్తారు?"

"మందుల షాపండీ."

"ఊఁ," అన్నారు జడ్జిగారు. ఆ ఊఁతో బావమరిది కేసు కొట్టివేసినట్టయింది.

అప్పుడే సరేసార్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతులనిండా నల్లటి గ్రీజు. "సార్, పొద్దున చెప్పాను కదా, పాడై ఉందని. ఒకసారి పైకి వచ్చి చూడండి."

సూపర్‌వైజరు వెళ్లి చూశాడు. లిఫ్టును మోసే ఉక్కు తాళ్లు అయిదు. పెద్ద చక్రం వెనక రేకు తొడుగు కింద, బయటినుంచి కంటికి ఆనని చోట, రెండు తాళ్ల పోగులు తెగి విచ్చుకుని ఉన్నాయి. ఇంకోటి తెగడానికి సిద్ధంగా ఉంది. నెలనెలా చేసే తనిఖీలో ఆ తొడుగు విప్పరు. అతను వంగి తెగిన పోగుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఆ లిఫ్టులో రోజూ ఎంతమంది ఎక్కి దిగుతారో అతనికి తెలుసు. బడిపిల్లల సైకిళ్లు కూడా అందులోనే ఎక్కిస్తారు.

ఫోనులో ఫొటో తీసి తెచ్చి చూపిస్తే, జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని చూశారు.

"మీ వరుస ప్రకారం ఒకటి నుంచి వస్తే, నాలుగో బ్లాకు ఎప్పుడు విప్పేవారు?"

"వారానికి ఒక బ్లాకు చొప్పున, మూడు వారాల తర్వాతండీ."

"అప్పటిదాకా ఇది ఆగేదా?"

సూపర్‌వైజరు తల అడ్డంగా ఊపాడు. జడ్జిగారు ఒక కాగితం తీసుకుని, కంపెనీ మేనేజరుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. సూపర్‌వైజరు కంగారుపడ్డాడు. "నాకేమీ తెలియకుండా జరిగిందండీ ఇది. మీకు చెప్పాను కదా."

"వరుస మార్చారు. ప్రమాదం తప్పింది. ఈ రెండూ రుజువైనవి," అన్నారాయన రాస్తూనే. "ఎందుకు మార్చారని మిమ్మల్ని ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పుకోండి."

మర్నాడు పొద్దున మేనేజరు పిలిచి అడగనే అడిగాడు. సూపర్‌వైజరు మళ్లీ ఉన్నదున్నట్టు చెప్పాడు. సీరియల్ దగ్గరికి వచ్చేసరికి మేనేజరు పకపకా నవ్వి భుజం తట్టాడు.

"ఈ వినయమే మీలో నాకు నచ్చేది. ఇరవై ఏళ్ల అనుభవం అని చెప్పుకోవచ్చుగా. సరే, మన చేతిలో ఇంకా పంతొమ్మిది సముదాయాలున్నాయి. అన్నిటినీ మీరే ఒకసారి చూడాలి. మీ మనసుకు ఎక్కడ తోస్తే అక్కడి నుంచి మొదలుపెట్టండి. సెలవు తర్వాత ఎప్పుడైనా వాడుకోవచ్చు."

అలా మిగిలిన మూడు రోజులూ మెట్ల మీదే గడిచాయి. చివరి రోజు సాయంత్రం ఇల్లు చేరేసరికి టీచరు సోఫాలో కూర్చునే నిద్రపోతోంది. పేపర్ల కట్ట దిద్దడం అయిపోయి పక్కన ఉంది. టీవీలో సీజన్ల జాబితా ఎక్కడున్నది అక్కడే ఉంది. ఒక్క ముక్క కూడా చూడలేదు. అలికిడికి కళ్లు తెరిచి, పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఎక్కడి నుంచి పెట్టమంటారు?"

"నువ్వు ఎక్కడి నుంచంటే అక్కడి నుంచి," అన్నాడతను. ఆమె ఒకటో సీజన్ మీద నొక్కింది. చీకటి వీధిలో ఎవరో నడుస్తున్న చప్పుడు వినబడింది. అతను కాళ్లు చాపుకున్నాడు. ఫోను మోగింది. పద్నాలుగో సముదాయంలో సరేసార్ రేకు తొడుగు విప్పాడట, ఒకసారి వచ్చి చూడమంటున్నాడు. టీచరు టీవీ కట్టేసి, అతని కళ్లజోడు వెతికి చేతికిచ్చింది.

జడ్జిగారి ఉత్తరాన్ని కంపెనీవాళ్లు ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు. అందులో సూపర్‌వైజరు గారి ముందుచూపు గురించి మూడుచోట్ల ఉంది. అంత ముందుచూపున్న ఆ మనిషి మొదటి ఎపిసోడ్ ఇంకా చూడలేదు.