నలభై ఒక్క రోజుల పర్యవేక్షణ

తన ఇంటి బాత్రూమ్ మరమ్మతును ఆసాంతం స్వయంగా పర్యవేక్షిస్తానని పార్టీ మండలాధ్యక్షుడు అమరేందర్ గారు మర్రిగూడలో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. యజమాని పట్టించుకోకపోతే మేస్త్రీలు పని చెడగొడతారని, తాను మాత్రం మేస్త్రీని క్షణం వదలనని చెప్పారు. వచ్చిన విలేకరులిద్దరూ రాసుకున్నారు.

అంత పెద్దమనిషికి ఇంత చిన్న పనేమిటని అనుకోవద్దు. ఆయన తల్లి భద్రమ్మ మోకాళ్లు ఈ ఊరి ఫ్లోరైడు నీళ్లకు ఎప్పుడో బిగుసుకుపోయాయి, ఆమె కింద కూర్చోలేకపోతోంది. కుర్చీలాంటి కమోడ్ పెట్టించాల్సిందే. పాత బాత్రూమ్ పగలగొట్టారు గనక, కొత్తది అయ్యేదాకా ఆమె కర్ర పట్టుకుని ఎదురింటికి వెళ్లి రావాలి. వారం రోజులేనని మేస్త్రీ కురుమయ్య మాటిచ్చాడు. పాపం, అతనికి పర్యవేక్షణ సంగతి తెలియదు.

మొదటి రోజు అమరేందర్ గారు తాపీ పట్టి గోడ మీద ఒక ఇటుక పేర్చారు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఎమ్మెల్యే గారు చూసి ఫోన్లో బొటనవేలు గుర్తు పంపారు. ఇక రోజూ పొద్దున్నే ఒక ఇటుక పేర్చాలని నిర్ణయమైంది. గోడ పూర్తయితే మర్నాటి ఇటుక ఎక్కడ పెట్టాలి? అందుకని ఫోటో అయ్యాక కురుమయ్య ఆ ఇటుకను తీసి, కడిగి, పక్కన పెట్టేవాడు.

పదో రోజు నుంచి సమీక్షా సమావేశాలు మొదలయ్యాయి. జాగా లేక, సిమెంటు మాలు కలిపే చోటే కుర్చీలు వేశారు. మాలు కలపడానికి చోటు లేక కూలీలు కూడా సమావేశంలో కూర్చున్నారు. రెండో సమావేశంలోనూ పని ఎంత శాతం అయిందని అధ్యక్షులవారు అడిగారు.

"నలభై సార్," అన్నాడు కురుమయ్య.

"నిన్న గూడ నలభై అన్నవు గద?"

"నిన్న గూడ మీరు వచ్చిండ్రు గద సార్."

ఆ వినయం ఆయనకు నచ్చింది. మినిట్స్ పుస్తకంలో అరవై అని రాయించారు.

తలుపు ఎటు పెట్టాలో తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారు. సభ్యులు ముగ్గురు గనక తలుపు మూడుసార్లు జరిగింది. ఒకరోజు భద్రమ్మ సమీక్ష మధ్యలోంచి కర్ర పొడుచుకుంటూ ఎదురింటికి పోతూ ఆగింది.

"నా బాత్రూమ్ ఎప్పుడైతది బిడ్డా?"

ఆ ప్రశ్నను తర్వాతి సమావేశపు అజెండాలో చేర్చారు.

నలభై రెండో రోజున హైదరాబాదులో మూడు రోజుల శిక్షణా శిబిరానికి రమ్మని పార్టీ పిలిచింది. అమరేందర్ గారు మనసు రాయి చేసుకుని బస్సెక్కారు. తిరిగొచ్చేసరికి గోడ లేచింది. టైల్స్ మెరుస్తున్నాయి. తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. లోపల భద్రమ్మ నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆయన గుండె కలుక్కుమంది.

"నేను లేకుండ గిది ఎట్లయింది?"

కురుమయ్య తల దించుకున్నాడు. "మీరు లేకపోతిరి గద సార్. అయిపోయింది."

నలభై ఒక్క రోజుల నిరంతర పర్యవేక్షణ ఫలించిందని మర్నాడు ఆయన ప్రకటన ఇచ్చారు. ఎమ్మెల్యే గారు ముచ్చటపడి, బడి ప్రహరీగోడ పర్యవేక్షణ కూడా ఆయనకే అప్పగించారు.

ఆ సాయంత్రమే ప్రహరీగోడ కాంట్రాక్టర్ భిక్షం వచ్చి శాలువా కప్పి, చేతిలో ఒక కవరు పెట్టాడు. నలుగురిలో విప్పడం బాగుండదని అమరేందర్ గారు లోపలికి వెళ్లి విప్పారు. హైదరాబాదుకు నెల రోజుల బస్సు పాసు.

భద్రమ్మ అప్పటికే ఆయన బట్టలు సర్ది, సంచి గడపలో పెట్టింది.