కదలని కార్డు

జపాన్ వాళ్ళ మీద నాకు కోపమేమీ లేదు. వాళ్ళు కాన్‌బాన్ అనే కార్డుల పద్ధతిని ఫ్యాక్టరీ కోసం కనిపెట్టారు. దాన్ని వంటింటికి మోసుకొచ్చిన ఘనుణ్ణి నేనే.

పంపులు బిగించే మా షెడ్డులో ప్రతి పనికీ ఒక కార్డు. బోర్డు మీద "చేయాల్సినవి", "చేస్తున్నవి", "అయినవి" అని మూడు గళ్ళు. నడిమి గడిలో మూడు కార్డులకు మించకూడదు. ఏ కార్డైనా రెండు రోజులు కదలకపోతే లైను ఆపి, అడ్డం ఎక్కడుందో చూడాలి.

సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. నాకే రావాలన్న ఆశతో, మా ఇంట్లోనూ ఇదే పద్ధతని మేనేజరు గారి దగ్గర కోతలు కోశాను. ఆదివారం వచ్చి చూస్తానన్నారాయన.

ఆ సాయంత్రమే ఫ్రిజ్ పక్కన బోర్డు తగిలించి మా ఆవిడకు పాఠం చెప్పాను. ఎదురు మాట్లాడకుండా అంతా వింది. అక్కడే నాకు అనుమానం రావలసింది.

మర్నాడు పొద్దున పొయ్యి మీద పాలు, పాపకు జడ, మా అమ్మకు వేడినీళ్ళు. నడిమి గడి నిండిపోయింది. నా టిఫిన్ బాక్సు సంగతేమిటని అడిగాను.

"నాలుగోది కుదరదు కదండీ. రూలు మీదే," అంది దువ్వెన దించకుండా.

ఖాళీ కడుపుతో డ్యూటీ చేశాను. రెండో రోజు ఒక కార్డు తగ్గుతుందని జడ నేనే వేశాను. ఎక్కడైనా పడ్డావా అని టీచరు పాపను అడిగిందట. మూడో రోజు పాలు కాస్తే సగం పొయ్యే తాగింది. వారం తిరిగేసరికి కార్డుల మీద రాత ఆవిడది, చాకిరీ నాది.

ఆదివారం మేనేజరు గారు బోర్డు చూసి మెచ్చుకోలుగా తలూపారు. అంతలో మొదటి గడి అట్టడుగున ఆయన వేలు ఆగింది.

"ఇది వారంగా కదల్లేదేమయ్యా?"

వంగి చూశాను. "నేను వేడిగా తినడం" అని మా ఆవిడ రాత. వారమంతా ఆ బోర్డు ముందే తిరిగాను, ఆ కార్డు చూడనే లేదు. వారమేమిటి, పెళ్ళయిన పన్నెండేళ్ళూ అంతే.

"అడ్డం ఎక్కడుంది?" అన్నారాయన.

"నేనేనండి," అన్నాను. పోస్టు మీద ఆశ వదులుకున్నాను.

లైను ఆపమన్నారు. మా ఆవిడను కూర్చోబెట్టి నేను వడ్డించాను, మేనేజరు గారు మంచినీళ్ళు పెట్టారు. ఉప్పు తక్కువైందంటూనే మారు వడ్డించమంది. ఇన్నేళ్ళూ నా కంచం చల్లారనివ్వని మనిషి మీద కృతజ్ఞతతో ఇంకో గరిటె వేడన్నం వేశాను.

అడ్డం ఎవరో దాచకుండా చెప్పినందుకు పోస్టు నాకే ఇచ్చారు. ఇంట్లో మాత్రం ఆవిడ కింద ఇంకా ట్రైనీనే.