నాగళ్ళ ఫ్యాక్టరీ మీద సగం జెండా

ఆ గురువారం పొద్దున లోర్నా వేసుకున్న పథకం చాలా చిన్నది. మ్యూజియం ఊడవాలి, జెండా ఎగరేయాలి, పదకొండింటికి టొరంటో నుంచి వచ్చే గ్రాంట్ల అధికారి పెల్తియే గారికి కాఫీ ఇచ్చి, మ్యూజియం మూయొద్దని బతిమాలాలి. వేన్‌ఫోర్డ్‌లో నాగళ్ళ ఫ్యాక్టరీ మూతబడి ముప్ఫై ఏళ్ళయింది. మిగిలిన ఒక్క షెడ్డే ఈ మ్యూజియం. కిందటేడు దాన్ని చూడ్డానికి నలభై ఒక్కమంది వచ్చారు. అందులో తొమ్మిదిమంది వానకి తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు. జనం రాని మ్యూజియం ఎందుకని పెల్తియే ముందే ఉత్తరం రాశాడు.

జెండా సగం దాకా ఎక్కి ఆగిపోయింది. కప్పీలో తాడు ఇరుక్కుంది. లోర్నా లాగింది, తిట్టింది, కర్రని ఒక్క తన్ను తన్నింది. కదిలితేనా! తర్వాత నిచ్చెన తెచ్చి చూద్దాంలే అని లోపలికెళ్ళి, ఊడ్చే హడావిడిలో ఆ సంగతే మర్చిపోయింది.

మర్చిపోవాల్సిన సంగతా అది? ఆ కర్ర మీద జెండా సగంలో ఉందంటే ఫ్యాక్టరీ పాతకాపు ఎవరో కన్నుమూశారని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ పాతకాపుల్లో ఇప్పుడు మిగిలింది ఒక్కడే, తొంభై ఒక్కేళ్ళ ఓర్విల్. పైగా రోజూ పొద్దున కాఫీ కొట్టు ముందుండే ఓర్విల్ ట్రక్కు ఆ పూట అక్కడ లేదు. ఇంకేం కావాలి?

తొమ్మిదిన్నరకి బేకరీ డోరీన్ గుడ్డు శాండ్‌విచ్‌ల పళ్ళెంతో ఏడుస్తూ వచ్చింది.

"ఓర్విల్ పోయాడే లోర్నా! బంగారంలాంటి మనిషి!"

లోర్నా చేతిలో చీపురు జారిపోయింది. "అయ్యో! మొన్ననే కదే నాతో పోట్లాడాడు!"

"నిద్రలోనే పోయుంటాడు. సుఖమైన చావు."

ఊరి కబుర్లన్నీ డోరీన్ కొట్లోనే పుడతాయి గనక లోర్నా మరేమీ అడగలేదు. ఓర్విల్ ఇంటికి ఫోన్ చేస్తే మోగి మోగి ఊరుకుంది. జెండా ఎలాగూ సగంలోనే ఉంది, ఒక పని తప్పింది అనుకుంది పిచ్చిది.

మా వైపు చావు కబురు వినగానే ముందు పొయ్యి వెలిగిస్తారు, తర్వాతే ఏడుస్తారు. పదిన్నరకల్లా షెడ్డు నిండిపోయింది. నాగళ్ళ మీద గుడ్డలు పరిచి మాకరోనీ, తియ్యటి బటర్ టార్ట్‌లు పేర్చారు. పాలు పితికి అలాగే బూట్లతో వచ్చేసిన రైతు ముర్రే గొంతు సవరించుకున్నాడు.

"డెబ్భై ఎనిమిదిలో నా ట్రాక్టర్ బురదలో దిగబడితే, కుండపోత వానలో లాగింది ఆయనే. ఒక్కనాడు థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు. ఇప్పుడెవరికి చెప్పుకోను?"

పెల్తియే కారు పెట్టడానికి చోటు దొరక్క మొక్కజొన్న చేను దాకా వెళ్ళి నడిచొచ్చాడు. పేరు చెప్పేలోపే ఎవరో చేతిలో పళ్ళెం పెట్టారు. చావిల్లని తెలిసి టోపీ తీసి ఓ మూల నిలబడ్డాడు.

ఆయన పక్కకి ఒక ముసలాయన వచ్చి టార్ట్ కొరికాడు. "కొత్త పళ్ళు, పక్కూళ్ళో ఇప్పుడే కట్టించుకొస్తున్నా. ఎవరు పోయారు?"

"ఓర్విల్ అట. చాలా గొప్పవాడట."

"ఏ ఓర్విల్?"

"నాగళ్ళ ఓర్విల్."

ముసలాయన నమలడం ఆపేశాడు. "పొద్దున బాగానే ఉన్నాడే!"

ఆ గొంతు విని ఇటు తిరిగిన డోరీన్, ఎదురుగా ఓర్విల్‌నే చూసి కెవ్వుమంది. తేరుకుని లోర్నా మీద విరుచుకుపడింది. "జెండా దించింది నువ్వు కాదూ?"

"దించడమేంటి, తాడు ఇరుక్కుంది! పోయాడని చెప్పింది నువ్వు కాదూ?"

ఇక దాచేదేముంది? లోర్నా పెల్తియే ముందుకెళ్ళి కళ్ళు తుడుచుకుంది. "వీళ్ళెవరూ మ్యూజియం చూడ్డానికి రాలేదండీ. మూసేస్తామనే రాసుకోండి."

ఓర్విల్‌కి ఇదేమీ పట్టలేదు. "ముర్రే, ఇందాక బయట నిలబడి నీ మాటలు సగం సగం విన్నా, నా గురించని తెలీలేదు. అదేదో నా మొహం మీద చెప్పరా."

ముర్రే మొహం కందగడ్డయింది. "థాంక్స్... ఓర్విల్."

"ఇన్నేళ్ళు పట్టిందట్రా!" అన్నాడు ముసలాయన. కానీ సంతోషం పట్టలేక ముర్రేని వాటేసుకున్నాడు.

పెల్తియే పెన్ను తీశాడు. "అమ్మా, వస్తువులున్న మ్యూజియాలు చాలా చూశాను. వాటి పక్కన నిలబడి ఏడ్చే జనాన్ని ఇక్కడే చూశాను. ఐదేళ్ళు తెరిచే ఉంచండి. ఒక్కటే షరతు, బతికున్న మనిషికి ఏటా ఇలాంటి సభ జరగాలి."

వచ్చే ఏడాది పోవడానికి ఇప్పటికే పదకొండుమంది పేర్లిచ్చారు.