పాము లేని కట్టు

ఆ రోజు పొద్దున నితీష్ పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండింటికి ఆఫీసులో పంజా పోటీ ఫైనల్. మోచేతులు బల్లకి ఆనించి జ్యోత్స్న చేతిని పడగొట్టాలి. నిరుడు ఆమె చేతిలో ఓడినప్పుడు హైటెక్ సిటీలో వాళ్ళ ఆఫీసు అంతస్తంతా నవ్వింది. ఈసారీ ఓడితే ఉద్యోగమైనా మారాలి, మొహమైనా మార్చుకోవాలి.

జిమ్ కోచ్ ఒక కిటుకు చెప్పాడు. జబ్బకు పట్టీ బిగించి నెత్తురు పరుగు కాస్త తగ్గిస్తే, చిన్న బరువులకే కండ బలపడుతుందట. "నా ముందే కట్టాలి, నెలలు పడుతుంది" అని కూడా అన్నాడు కానీ, మనవాడికి మొదటి ముక్కే వినపడింది. కొండాపూర్ ఫ్లాట్‌లో ల్యాప్‌టాప్ బ్యాగు పట్టీ ఊడదీసి కుడి జబ్బకు బిగించాడు, నీళ్ళ సీసా ఎత్తడం మొదలెట్టాడు. చెయ్యి ఎర్రబడింది. నరాలు ఉబ్బాయి. పళ్ళు కొరుకుతూ మూలుగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే నాయనమ్మ సీతాబాయి చాయ్ తెచ్చింది. ఆమె పుట్టిన ఊళ్ళో చేతికి కట్టు కట్టేది ఒక్కందుకే.

"వామ్మో! పోరనికి పాము కరిసింది!"

"పాము లేదు నాయనమ్మా!"

"ఇగ విషం నెత్తికెక్కింది! గందుకే లేదంటున్నడు!"

ఆ కేకకు వాచ్‌మన్ పోచయ్య కర్ర పట్టుకుని పామును వెతకడానికి కిందికి పరుగెత్తాడు. పక్క బ్లాకులో ఉండే జ్యోత్స్న వచ్చి ముందు ఆ పట్టీ విప్పింది. తర్వాత అతన్నీ నాయనమ్మనూ కారెక్కించింది. పాపం, ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"ఫైనల్ లేదు, గీనల్ లేదు నితీష్. కప్పు నీదే. ఆఫీసుకి చెప్పేశాను. నువ్వు బతికితే చాలు."

గెలుపు వచ్చి ఒళ్ళో పడితే ఎవరికి చేదు? నితీష్ నీరసంగా తల వాల్చాడు.

"పాము... నల్లగుండె... పొడుగ్గుండె..." అన్నాడు.

ఆసుపత్రిలో సూదిమందు కనపడేసరికి ధైర్యం కాస్తా జారిపోయింది. "ఆగండి డాక్టర్! పాము లేదు, ఏం లేదు. కండల కోసం కట్టుకున్న!"

జ్యోత్స్న కన్నీళ్ళు టక్కున ఆగిపోయాయి. చున్నీ నడుముకు బిగించి, మంచం పక్క బల్లమీద మోచెయ్యి ఆనించింది.

"రా బాబూ. ఇక్కడే తేల్చేద్దాం."

అంతలో సీతాబాయి ఫోన్ మోగింది. పోచయ్య గొంతు వార్డంతా వినపడింది. "అమ్మా, మీరన్నది నిజమే! కార్లు పెట్టే కాడ దొరికింది. నల్లగుంది, పొడుగ్గుంది!"

జ్యోత్స్న చప్పున చెయ్యి తీసేసింది.

"అయ్యో, పామున్నా నన్ను కరవలే!" అని నితీష్ మొత్తుకున్నాడు.

"సూసినవా సారూ, మల్ల నెత్తికెక్కింది" అంది సీతాబాయి. డాక్టరు ఎందుకైనా మంచిదని రేపటిదాకా కదలొద్దన్నాడు.

పదకొండింటికి ఆఫీసులో నితీష్‌ను విజేతగా ప్రకటించారు. విజేత కుడిచేతికి అప్పటికే సెలైన్ ఎక్కుతోంది.