కవరు తీయని డ్రయ్యరు

కెమికల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేసేవాడికి యంత్రం కావాలని ఎవరన్నారండీ? శుద్ధ అబద్ధం! రెండేళ్లు చదివి, ఒక్క స్విచ్చు వెయ్యకుండా, ఒక్క వాల్వు తిప్పకుండా, చేతికి మసి అంటకుండా డిగ్రీ పట్టుకొచ్చినవాణ్ణి నేను. అనుభవంతో చెబుతున్నాను, రాసుకోండి. తాళం వేసిన లాబొరేటరీని మించిన వరం విద్యార్థికి ఇంకొకటి లేదు.

మాది రేపల్లె. కాలేజీ తెనాలికీ బాపట్లకీ మధ్య ఎక్కడో ఉంది. పేరు చెప్పను, మ్యాపులో వెతికి ఆయాసపడకండి. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో ఇంకో రైలు మారి వెళ్లేవాణ్ణి. పెట్టెలో ఎవరైనా "ఏం చదువుతున్నావు బాబూ?" అంటే "ఎంటెక్ కెమికల్ అండి" అనేవాణ్ణి. అంతే! పక్కాయన తన రొయ్యల చెరువు ఎందుకు పచ్చబడిందో చెప్పమనేవాడు. ఎదురుగా కూర్చున్న పిన్నిగారు ఆవకాయకి బూజెందుకు పట్టిందని నిలదీసేది. ఒక బాబాయిగారైతే జామైన సింకు ఫోటో ఫోన్లో పెద్దది చేసి మరీ చూపించాడు. పట్టా చేతికి రాకముందే ఇంత ప్రాక్టీసు ఏ డాక్టరుకైనా దొరుకుతుందా?

క్లాసులో పద్దెనిమిది సీట్లు. చేరింది నేనొక్కణ్ణే. ఎంత హాయో! ఫస్టు ర్యాంకూ నాదే, లాస్టు ర్యాంకూ నాదే. నాకు రెండు రోజులు జ్వరమొస్తే "ఎంటెక్ విద్యార్థుల మాస్ బంక్" అని నోటీసు అంటించారు. ఫేర్‌వెల్ పార్టీలో సీనియర్ల తరఫున నేనే ప్రసంగించి, జూనియర్లు లేరు గనక వందన సమర్పణ కూడా నేనే చేశాను. గ్రూప్ ఫోటోలో ఒకసారి కూర్చుని, ఒకసారి వెనకాల నిలబడి, రెండు ఫోటోలు దిగాను.

సరే, అసలు సంగతి మా డ్రయ్యరు.

ధాన్యంలాంటివి ఆరబెట్టడానికి మా లాబులో ఒక రోటరీ డ్రయ్యరు ఉండేది. అంటే ఏమీ లేదు, పడుకోబెట్టిన పెద్ద ఇనప పీపా. మోటారు తిప్పితే పీపా తిరుగుతుంది, వేడిగాలి వీస్తుంది, లోపలున్నది ఆరుతుంది. నా థీసిస్ దాని మీదే. దానికి నీలంరంగు కవరు కప్పి ఉండేది. లాబు తాళంచెవి మా హెచ్‌ఓడీ జ్ఞానానందం సార్ కళ్లజోడు పెట్టెలో ఉండేది.

"సార్, ఒక్క అరగంట ఆన్ చేద్దామండి" అని నేను బతిమాలేవాణ్ణి.

"ఇన్‌స్పెక్షన్ అయిపోనీవయ్యా ఫ్రాన్సిస్. ఇప్పుడు ఆన్ చేస్తే ఏదన్నా అయిందనుకో, వాళ్లకేం చూపిస్తాం?"

ఇన్‌స్పెక్షన్ అయిపోయేది. మళ్లీ వెళ్లేవాణ్ణి.

"ఏంటయ్యా నీ తొందర? మళ్లీ ఇన్‌స్పెక్షన్ వస్తదిగా!"

ఈ పద్ధతిలో ఉన్న లాభాలు గమనించారా? కరెంటు ఖర్చు లేదు. రిపేరు లేదు. "ప్రమాదం జరగని రోజులు" అని గోడమీద బోర్డు పెడితే అంకెలకు చోటు చాలక బోర్డే మార్చారు. ఇంత భద్రంగా నడిచే ఫ్యాక్టరీ దేశంలో ఎక్కడన్నా ఉంటే చూపించండి!

ఇన్‌స్పెక్షన్‌కి నలుగురు పెద్దమనుషులు వచ్చేవారు. సార్ కవరు ముందువైపు జానెడు ఎత్తి చూపించేవారు. "అబ్బో, ఎంత బాగా మెయింటెయిన్ చేశారండీ!" అని వాళ్లు ముచ్చటపడి టిక్కు పెట్టేవారు. విద్యార్థులెందరని అడిగితే "ఒక్కడేనండి" అనేవారు సార్. "విద్యార్థిపై ప్రత్యేక శ్రద్ధ" అని అక్కడా ఒక టిక్కు. మధ్యాహ్నం రొయ్యల వేపుడు, సాయంత్రం వాడరేవు సముద్రం. అందరికీ ఆరోగ్యమే.

ఇంట్లో మా అమ్మ దేవకుమారి ఊరుకోలేదు. చర్చిలో ప్రార్థన అంశాల చీటీలో నా పేరు రాయించింది. ప్రతి ఆదివారం పాస్టరు శాలేమురాజు గారు గంభీరంగా చదివేవారు. "మాణిక్యాంబ గారి మోకాళ్ల స్వస్థత కొరకు. ఫ్రాన్సిస్ డ్రయ్యరు తిరుగుట కొరకు." సంఘమంతా ఆమెన్ అనేది. ఏడాది తిరక్కుండానే మాణిక్యాంబ గారు కర్ర పక్కనపడేసి బజారుకి నడిచి వెళ్లొచ్చారు. డ్రయ్యరు కదల్లేదు. నేను కనిపించినప్పుడల్లా ఆవిడ తన మోకాళ్ల గురించి నాకు క్షమాపణ చెప్పుకునేది.

మరి థీసిస్ ఎలా రాశావంటారా? లాప్‌టాప్ ఉంది కదండీ! అందులో డ్రయ్యరు గీసి పద్నాలుగు వేలసార్లు తిప్పాను. ఒక్కసారి కూడా ఆగలేదు. మూడు గంటలు తిప్పితే ధాన్యంలో తేమ తొమ్మిది శాతానికి దిగుతుందని లెక్క తేలింది. రంగురంగుల గ్రాఫులొచ్చాయి. చూసి మురిసిపోయాను.

ఆ మురిపెంలోనే ఒక పొరపాటు చేశాను. మా ఊళ్లో రైసుమిల్లుకి వెళ్లాను. అక్కడ వీరాస్వామి గారు ముప్పయ్యేళ్లుగా డ్రయ్యరు నడుపుతున్నారు. చదివింది ఏడో తరగతి. తిరుగుతున్న డ్రయ్యరులోంచి గుప్పెడు గింజలు తీసి, ఒకటి పంటికింద పెట్టి టప్‌మని కొరికారు.

"పద్నాలుగున్నర ఉంటదండి. ఇంకో అరగంట తిరగాల."

నేను తెచ్చుకున్న తేమ మీటరులో మిగతా గింజలు పోసి చూశాను. పద్నాలుగున్నర!

"మూడు గంటలు తిప్పితే తొమ్మిదికి రాదాండి?" అన్నాను.

"తొమ్మిదా? అప్పుడిక బియ్యం రావు బాబూ, అన్నీ నూకలే. ఏదీ, మీరూ ఓ గింజ కొరకండి."

కొరికాను. నాకు పన్ను నొప్పి తప్ప ఏమీ తెలియలేదు. "ఏం పర్లేదండి, ఇంకో ముప్పయ్యేళ్లు కొరికితే మీకూ వచ్చేస్తది" అని ధైర్యం చెప్పారాయన.

ఇంటికొచ్చి థీసిస్‌లో ఏం రాశానో తెలుసా? తొమ్మిదే! ఎగ్జామినరు గారు గ్రాఫుల రంగులు బాగున్నాయని మెచ్చుకున్నారు. వీరాస్వామి గారి పద్నాలుగున్నరకి రంగు లేదు మరి.

పట్టా రాగానే అదే కాలేజీలో, అదే డిపార్ట్‌మెంటులో నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. జ్ఞానానందం సార్ రిటైరవుతూ ఆ కళ్లజోడు పెట్టె నా చేతిలో పెట్టారు. ఈ ఏడు ఎంటెక్‌లో పద్దెనిమిది సీట్లకి ఒకమ్మాయి చేరింది. పేరు బ్లెస్సీ, ఊరు ఈపురుపాలెం. తండ్రి మగ్గం నేస్తాడట.

మొదటి రోజు లాబు తాళం తీసి చూపిస్తుంటేనే అడిగింది. "సార్, డ్రయ్యరు ఒకసారి ఆన్ చేద్దామాండి?"

"ఇన్‌స్పెక్షన్ అయిపోనీవమ్మా" అన్నాను.

నేనే అన్నాను! ఎవరూ నేర్పకుండానే నోట్లోంచి అంత సాఫీగా వచ్చేసింది. రెండేళ్లలో నేను నేర్చుకున్న కెమికల్ ఇంజనీరింగ్ మొత్తం ఆ ఒక్క వాక్యమేనని అప్పుడర్థమైంది.

బ్లెస్సీ నాలాంటిది కాదు. "పోనీ, దుమ్మన్నా దులుపుతానండి" అంటూనే కవరు అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది. మగ్గం మీద దారం తెగితే ఎక్కడుందో చూసి ముడెయ్యకుండా వదలని ఇంట్లో పెరిగిన పిల్ల కదా, నేరుగా యంత్రం వెనక్కి వెళ్లింది.

"సార్, మోటారేదండి?"

మోటారుండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలు, ఒక సాలెగూడు ఉన్నాయి.

వెంటనే జ్ఞానానందం సార్‌కి ఫోన్ చేశాను.

"ఇప్పుడా చూసింది? దాన్ని హాస్టలు వాటర్ ట్యాంకుకి పెట్టించారయ్యా, నేను చేరిన ఏడే. మంచి మోటారు. ఒక్కరోజు ఆగలేదు తెలుసా!"

చూశారా! సంఘమంతా తిరగాలని ప్రార్థించిన మోటారు రోజూ పొద్దున్నే తిరుగుతూనే ఉంది. హాస్టలు పిల్లలు దాని పుణ్యాన స్నానాలు చేశారు. నలుగురు పెద్దమనుషులు నాలుగుసార్లు టిక్కు పెట్టింది ఖాళీ పీపాకి. నేను డిగ్రీ సంపాదించింది కూడా దాని మీదే.

మొదట కోపమొచ్చింది. కాసేపటికి సిగ్గేసింది. రెండేళ్లు తాళంచెవి అడిగాను, ఆన్ చెయ్యమని అడిగాను, దేవుణ్ణి కూడా అడిగించాను. బ్లెస్సీ అరనిమిషంలో చేసిన పని, ఆ కవరెత్తి చూడడం, ప్రతి ఇన్‌స్పెక్షన్‌లో దాని పక్కనే నిలబడ్డ నాకెందుకు తట్టలేదు? దీనికి మాత్రం నా దగ్గర గ్రాఫు లేదు.

వచ్చే నెలలో ఇన్‌స్పెక్షన్ ఉంది. కవరు ఉతికించాను. డ్రయ్యరు లేదు గనక ఎండలోనే ఆరేశాను. మళ్లీ కప్పదలచుకోలేదు. నాలుగు రంధ్రాలూ చూశాక టిక్కు ఎక్కడ పెడతారో వాళ్లిష్టం.

రేపు బ్లెస్సీని, తోడుగా వాళ్లమ్మనీ రేపల్లె రైసుమిల్లుకి రమ్మన్నాను. వీరాస్వామి గారితో మాట్లాడి ఉంచాను.

"సార్, పరికరాలేం తెచ్చుకోవాలండి?" అని అడిగింది.

"పళ్లు చాలమ్మా" అన్నాను.